ఎర్ర రిబ్బను కట్టిన చెయ్యి

సీసాల కంపెనీ, మూడో అంతస్తు, ఫ్యాను తిరగని మూల
సోమవారం

అక్కకి,

నువ్వు బాగానే ఉన్నావని తెలుసు. బాగోకపోతే ఈపాటికి నన్ను తిడుతూ ఉత్తరం వచ్చేది.

నీతో ఒక పని పడింది. నీ కుట్టు షాపులో కత్తిరింపుల్లో మిగిలే గుడ్డ పీలికలుంటాయి కదా, వాటిలో ఎర్రవీ తెల్లవీ ఏరి, వేలెడు వెడల్పు, జానెడు పొడవు కత్తిరించి ఒక సంచి పంపు. కనుబొమలెగరెయ్యకు, చెబుతున్నా.

మా డైరెక్టరుగారికి ఉన్నట్టుండి సమాజసేవ మీద ప్రేమ పుట్టింది. ఆఫీసంతా ఒక ఆదివారం ఊరి పార్కులో కలుపు పీకాలట, పీకుతుండగా ఫొటో తీసి గోడకి తగిలిస్తారట. అమ్మకాల మేనేజర్ని కదా, నన్ను ముందు వరసలో నిలబెట్టారు. పచ్చ టీషర్టు ఇచ్చారు. దాని మీద ‘భూమిని కాపాడదాం’ అని అక్షరాలు. అవి నా పొట్ట మీద సాగేసరికి భూమి గుండ్రంగా ఉందని రుజువైపోయింది.

ఫొటో అయిన పది నిమిషాల్లో అందరూ మాయం. నా బూటు బురదలో దిగబడి నేనొక్కణ్ణే మిగిలాను. డెబ్బై దాటిన ఒక సన్నపాటి ఆవిడ వచ్చి, నా బూటు వంక చూసి, నా చేతిలో చిన్న గునపం పెట్టి, “ఎలాగూ పాతుకుపోయావు, అదిగో ఆ మొక్క పీకు” అంది. రిటైరైన సైన్సు టీచరట. ఆ రోజు పీకడం మొదలుపెట్టినవాణ్ణి, ఇది నాలుగో ఆదివారం. నవ్వకు.

అక్కడ పెరిగేది మామూలు గడ్డి కాదు. ఎక్కడినుంచో వచ్చి పడ్డ మొక్కలు. ఒకటి లాంటానా పొద. పువ్వు చూస్తే ముద్దొస్తుంది, పక్కన ఇంకేదీ బతకదు. ఇంకోటి తీగ. దానికి నేను ‘చుట్టం’ అని పేరు పెట్టాను, ఎందుకంటే వస్తుంది, ఎక్కి కూర్చుంటుంది, వెళ్లదు. ఇప్పుడందరూ అలాగే పిలుస్తున్నారు.

మా పద్ధతి ఏమిటంటే, శనివారం సాయంత్రం టీచరమ్మ ఒక్కతే పార్కులో చెరువు పైనున్న వాలంతా తిరిగి, పీకాల్సినవాటికి ఎర్ర పీలిక, ముట్టుకోకూడనివాటికి తెల్ల పీలిక కడుతుంది. ఆదివారం మేం వెళ్లి ఎర్రది కనిపిస్తే పీకేస్తాం. ఆలోచించకూడదు. ఆలోచించే పనంతా ఆమె ముందురోజే చేసేసింది. పదో తరగతితో ఆగిపోయినవాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది చెప్పు?

బావగారికి నమస్కారాలు.

నీ తుంటరి

*

కుట్టు షాపు, మెషిన్ల వెనక బల్ల
గురువారం

ఒరేయ్ తుంటరీ,

పీలికలు పంపుతున్నాను. ఎర్రవి నూటయాభై, తెల్లవి వంద. అంచులు పీచు రాకుండా జిగ్‌జాగ్ కత్తెరతో కోయించాను. పార్కులో మొక్కలకైనా నా షాపు పేరు పోకూడదు.

ఇంట్లో గ్లాసు కడగని వాడివి, ఎవరో ఆవిడ గునపమిస్తే నాలుగు ఆదివారాలు పీకావా? మా మరదలికి ఈ సంగతి తెలుసా? తెలిస్తే ఆ టీచరమ్మకి దండం పెట్టి, ‘ఇంటిక్కూడా ఒకసారి రండి’ అంటుంది.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరాలెందుకని బావగారు నవ్వుతున్నారు. ఫోన్లో నువ్వు నవ్వించి తప్పించుకుంటావు. కాగితం మీద దొరికిపోతావు. అందుకే నాకు ఉత్తరమే కావాలి.

అక్క

*

సీసాల కంపెనీ, అదే మూల (ఫ్యాను బాగుచేశారు, ఇప్పుడు కాగితాలెగురుతున్నాయి)
మంగళవారం

అక్కా,

పీలికలు చూసి టీచరమ్మ అంచులు నిమిరింది. “మీ అక్క చేతిపని తెలిసిన మనిషి” అంది. తమ్ముడి గురించి మాత్రం ఏమీ అనలేదు.

మా గుంపులో బ్యాంకాయన ఒకడున్నాడు. మేనేజరుగా రిటైరయ్యాడు గానీ మనుషుల్ని వరసలో నిలబెట్టే జబ్బు ఇంకా రిటైరవలేదు. “నాకు రిబ్బన్లక్కర్లేదయ్యా సీసాలూ, ఆకు చూస్తే చాలు” అంటాడు. ఆయనకి నా పేరు ‘సీసాలు’. మొన్న ఆయన గ్లవ్స్ జత మార్చి, రెండూ ఎడమచేతివే పెట్టాను. పది నిమిషాలు కుస్తీ పట్టాడు. పట్టి, పట్టి, “నా కుడిచెయ్యి వాచినట్టుంది” అన్నాడు! టీచరమ్మ నవ్వలేక గోనెసంచి మీద కూలబడింది. కళ్లు తుడుచుకుంటూ, “నువ్వు లేకపోతే ఇది మరీ పనైపోతుంది అబ్బాయ్” అంది.

ఆ మాటకి నేనెంత పొంగిపోయానో నీకు చెప్పకూడదు, అయినా చెబుతున్నా. వారమంతా నా సీసా పగలదని జనాన్ని నమ్మిస్తాను. పగులుతుందని నాకు తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఆదివారం మాత్రం చేత్తో పట్టుకుని లాగితే వేరు వస్తుంది. వచ్చిందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఆ పార్కు వాలు మీద ఒక మహావృక్షం ఉండేదట. మూడేళ్ల కిందట గాలివానకి పడిపోయింది. దాని అసలు పేరు నోరు తిరగదు, అందరూ ‘పెద్దాయన’ అంటారు. ఊళ్లో ఇంకెక్కడా ఆ జాతి లేదట. టీచరమ్మ పడిపోయిన కొమ్మల్లోంచి రెండొందల గింజలేరి, తన డాబా మీద పాలపాకెట్లలో నాటింది. ఇరవైమూడు మొలిచాయి. అవి మోకాలెత్తు అయ్యాక తెచ్చి వాలు మీద ఒక వరసలో పెట్టింది. ప్రతిదానికీ నీ తెల్ల పీలిక కట్టి ఉంది. ఆకు మటుకు అచ్చం లాంటానా ఆకులాగే ఉంటుంది. ముట్టుకుని చూస్తే గానీ తేడా తెలీదు. ఆవిడ రోజూ వెళ్లి లెక్కపెడుతుంది, బడిపిల్లల హాజరు తీసినట్టు.

నీ తుంటరి

*

సీసాల కంపెనీ
బుధవారం

అక్కా,

పని ఎక్కువగా ఉంది, చిన్నగా రాస్తున్నాను.

మొన్న ఆదివారం పార్కులో పొరపాటు జరిగింది. బీమా ఆఫీసు నుంచి ముప్ఫైమంది కొత్తవాళ్లొచ్చారు. బ్యాంకాయన తన వరస వాళ్లకప్పగించి, ‘ఎర్రది కనిపిస్తే పీకండి’ అని చెప్పి చెరువు వైపు పోయాడు. పెద్దాయన పిల్లలకి ఎర్ర పీలికలున్నాయట. వాళ్లు పీకేశారు. ఇరవైమూడూ. పక్కనున్న లాంటానాకి తెల్లవి ఉన్నాయట, వాటిని జాగ్రత్తగా వదిలేశారు. టీచరమ్మ గేటు దగ్గర పేర్లు రాసుకుని పైకొచ్చేసరికి ముక్కలు కొట్టే మిషనులో అంతా పొడి అయిపోయింది.

నేను లేను. ఒక కస్టమరు ఫ్యాక్టరీలో మన సీసాల మూతి చిట్లుతోందని పొద్దున్నే పిలిచారు, అక్కడికెళ్లాను.

టీచరమ్మ ముందురోజు చీకటి పడే వేళ కట్టింది కదా, తడబడి ఉంటుంది. వయసు.

తమ్ముడు

*

కుట్టు షాపు
శనివారం

ఒరేయ్,

చదివి చాలాసేపు కుట్టు ఆపేశాను. గింజ నుంచి పెంచిన మొక్కలు! ఆవిడ ఎలా ఉందో రాయలేదేం? ఏమంది? ఏడ్చిందా? నువ్వెళ్లి పలకరించావా?

ఇంకోటి. ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు పక్కింటివాళ్ల మీద రెండు జోకులేశావు. కింద ‘తమ్ముడు’ అని సంతకం పెట్టావు. నువ్వెప్పుడు ‘తమ్ముడి’వయ్యావు? ఒంట్లో బాగుందా?

అక్క

*

ఇల్లు, వరండా
ఆదివారం

అక్కా,

ఒంట్లో బాగానే ఉంది. నువ్వడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆవిడ ఏడవలేదు. అదే బాగోలేదు. వాలు మీద గుంటలు చూసింది. ఒక్కో గుంట దగ్గరా వంగి లెక్కపెట్టింది. అందరం చుట్టూ నిలబడ్డాం (నేను కస్టమరు దగ్గర్నుంచి అప్పుడే వచ్చాను). “నేను తెల్లవే కట్టాను... కట్టాననుకున్నాను” అంది. పార్కు సూపర్‌వైజరు మంచివాడే, భుజం మీద చెయ్యేసి, “పోన్లెండమ్మా, వయసు” అన్నాడు. ఆ మాటతో ఆవిడ ఒక్కసారి ముసలిదైపోయింది. అప్పటిదాకా కాదు.

బ్యాంకాయన మాత్రం ఒక ఎర్ర పీలిక జేబులో పెట్టుకున్నాడు. మొక్కతో పాటు తెగిపడింది, ముడి విప్పబోతే రాలేదట. టీచరమ్మ ఎప్పుడూ బూటు లేసులా కడుతుంది, కొస లాగితే ఊడొస్తుంది, మళ్లీ వాడుకోవచ్చని. ఇది అలా లేదు. రెండు చుట్లు తిరిగి, కొస లోపలికి దూరి, గట్టిగా బిగిసిపోయి ఉంది. “ఇది మీ ముడి కాదు కదమ్మా?” అన్నాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. చూసి, “నా చేతులు ముడి వెయ్యడం కూడా మర్చిపోతున్నాయన్నమాట” అంది. వాళ్లమ్మ చివరి ఆరేళ్లూ ఇంట్లో ఎవర్నీ గుర్తుపట్టలేదట. వాళ్లమ్మకీ మొదలు ఇలాగే, చేతుల దగ్గరే మొదలైందట.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. ఇంకా పరీక్షలున్నాయట. నెలాఖరుకి ఆవిడ కూతురొచ్చి తన ఊరికి తీసుకెళ్లిపోతుంది, ఇక ఒంటరిగా ఉండనివ్వదు. నిన్న నన్ను ఇంటికి పిలిచి, ఆదివారాలు మమ్మల్ని పోగెయ్యడానికి ఊదే తన ఈలా, మొక్కల నోటు పుస్తకమూ నా చేతిలో పెట్టింది. “వీళ్లలో నన్ను నవ్వించినవాడివి నువ్వొక్కడివే. ఇక రిబ్బన్లు నువ్వే కట్టు” అంది.

పుచ్చుకున్నాను.

*

కుట్టు షాపు
మంగళవారం

నువ్వు సంతకం పెట్టలేదు. నేనూ పేరు పెట్టి పిలవడం లేదు.

చూపుడు వేలికి రెండు చుట్లు, కొస లోపలికి, బొటనవేలితో నొక్కి లాగడం. ఆ ముడి నేర్పింది నేను. నీకు తొమ్మిదేళ్లు. బొత్తాలు కుట్టేటప్పుడు దారం ఊడిపోతోందని, ఈ బల్ల కిందే కూర్చోబెట్టి నేర్పాను. నా షాపులో పదకొండుమంది ఆడపిల్లలు పనిచేస్తారు, వాళ్లలో ముగ్గురికి తప్ప ఆ ముడి రాదు. ఆ ముగ్గురూ ఆ శనివారం ఇక్కడే ఉన్నారు.

ఇప్పుడు రాయి. పూర్తిగా రాయి. నా గుడ్డతో ఏం చేశావు?

*

ఇల్లు
శుక్రవారం

అక్కా,

బ్యాంకాయన కోసం. ఆయన ‘ఆకు చూస్తే చాలు’ అంటాడని చెప్పాను కదా. ఆ శనివారం టీచరమ్మ వెళ్లిపోయాక నేను వాలెక్కాను. ఆయన వరసలో ఎర్రవి తెల్లవి చేశాను, తెల్లవి ఎర్రవి చేశాను. ఆదివారం తొమ్మిదికి ఆయన మొదటి మొక్క మీద చెయ్యి వెయ్యగానే ‘ఆగండాగండి, ఆకు చూశారా సార్?’ అని అరవాలి. అందరూ నవ్వాలి. అంతే అక్కా. ఒక్క మొక్క కూడా పోకూడదు. నా లెక్కలో.

తర్వాత ఆ ఫ్యాక్టరీ ఫోను. మూతి చిట్లిన సీసాలు నాలుగువేలు. పరుగెత్తాను. పనిలో పడి ఈ సంగతే మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి పదిన్నర.

అందరి ముందూ చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడే సూపర్‌వైజరు ‘వయసు’ అన్నాడు. అందరూ తలూపారు. ఎంత తేలిగ్గా సర్దుకుపోయిందో తెలుసా, ఒక్క మాటతో! నేను తెరిచిన నోరు దగ్గినట్టు చేసి మూసుకున్నాను.

ఇప్పుడు చెప్పి ఏం లాభం? మొక్కలు తిరిగి రావు. ఆవిడకి నిజంగానే వయసైంది, ఎప్పటికైనా కూతురి దగ్గరికి వెళ్లాల్సిందే. కంపెనీకి తెలిస్తే గోడ మీది ఫొటో తీసేస్తారు, ఉద్యోగం కూడా తీసేస్తారేమో. ఆవిడ ఊరెళ్లగానే డబ్బు పోసి ఎక్కణ్ణించైనా ఆ జాతి మొక్కలు తెప్పించి నాటిస్తాను. ఒట్టు.

నన్ను తిట్టు. తిడితే తేలికవుతుంది.

తమ్ముడు

*

కుట్టు షాపు
సోమవారం

తమ్ముడూ,

తిట్టను. తిడితే తేలికవుతుందని నువ్వే రాశావు, నీకు తేలిక కావడం నాకిష్టం లేదు.

ఎవరితోనూ చెప్పని సంగతొకటి రాస్తున్నాను. నర్సు ట్రైనింగు ఎంపికకి నేను వెళ్లాల్సిన రోజు గుర్తుందా? గోడ గడియారం అరగంట వెనక్కి ఉంది. నాన్న దాన్ని చూసి, ‘ఇంకా టైముందమ్మా, నిదానంగా తిను’ అన్నారు. తిన్నాను. వెళ్లేసరికి గేటు మూసేశారు. రోజూ గడియారానికి కీ ఇచ్చేది నాన్న కాబట్టి తప్పు తనదేననుకున్నారు. ఆ రోజు నుంచి కీ ఇవ్వలేదు. ముల్లు నాలుగూపది దగ్గర ఆగిపోయింది, ఆయన పోయేదాకా అక్కడే ఉంది. భోజనానికి కూర్చుంటే ఆ గోడకి వీపు పెట్టి కూర్చునేవారు.

గడియారం కింద నా కుట్టు మిషను బల్ల మీద చిన్న పాదం ముద్ర ఉంది. బురద పాదం. తుడిచేశాను. అవునురా, నాకు ఆ రోజే తెలుసు. నేను కంగారు పడుతుంటే చూసి నవ్వుకుందామని చేశావు, చేసి ఆటకి పోయి మర్చిపోయావు.

నాన్న నిన్ను కొడతారని చెప్పలేదు. ఇన్నాళ్లూ నేనేదో త్యాగం చేశాననుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది. నిన్ను కాపాడుతున్నాననుకుంటూ నాన్నని ముప్ఫైయేళ్లు తల దించుకునేలా చేశాను. ఒక్క మాట చెప్పి ఉంటే నీ వీపు వారం రోజులు మండేది, అంతే. ఆయన ఆ గోడ వైపు మొహం పెట్టి అన్నం తినేవారు.

ఆయనకి ఇప్పుడు చెప్పలేను. నువ్వు ఆవిడకి చెప్పగలవు. నెలాఖరుకి ఎన్ని రోజులుంది?

నేను నర్సు కాకపోయినందుకు కాదు ఇది. ఆ విషయం వదిలెయ్. నాకు కుట్టంటే ఇష్టం.

అక్క

*

ఇల్లు
గురువారం

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు గుర్తుంది. గడియారం సంగతి నేనూ మర్చిపోలేదు. నీకు తెలీదనుకున్నాను. నాన్న ఆ గోడకి వీపు పెట్టి కూర్చోవడం నేనూ చూశాను, ఆయన ఎదురుగా కూర్చునేవాణ్ణి కదా.

నిన్న వెళ్లాను. చెబుదామనే వెళ్లాను.

ఇల్లంతా అట్టపెట్టెలు. టీచరమ్మ టీ పెట్టి తెచ్చి, “చక్కెర వేశానా?” అని అడిగింది. వేసింది. “వేశారు” అన్నాను. “నిజంగా? నన్ను ఊరుకోబెట్టడానికి కాదు కదా?” అంది. తర్వాత ఒక చీటీ తీసింది. డాక్టరు ఐదు మాటలిచ్చాడట, రోజూ ఎవరితోనైనా చదివించుకుని కాసేపయ్యాక తిరిగి చెప్పాలట. ‘కుర్చీ, నిమ్మకాయ, గొడుగు, పావురం, ఇనుము.’ నేను చదివాను. పది నిమిషాలు పార్కు కబుర్లు చెప్పుకున్నాం. ఆవిడ కుర్చీ అంది, నిమ్మకాయ అంది, గొడుగు అంది, పావురం అంది. ఆగిపోయింది. రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి పెట్టి నులుముకుంది. ఆ భయానికి నేను కూడా ఐదో మాట మర్చిపోయాను అక్కా, చీటీ నా చేతిలోనే ఉంది.

నేనేం చేశానో తెలుసా? “ఐదోది నేను చదవనేలేదు టీచరమ్మా, నా తప్పే” అన్నాను. ఆవిడ నవ్వింది. “నువ్వు మంచివాడివి” అంది.

లేచి వచ్చేశాను. మెట్ల మీద కూర్చున్నాను. ఇంట్లో నీ మరదలు ‘మొహం అలా ఉందేం’ అంటే గ్యాసు పట్టేసిందన్నాను.

*

కుట్టు షాపు
శనివారం

ఒక అబద్ధం చెప్పి ఆవిడకి ఒక నిమిషం సుఖమిచ్చావు. ఆవిడకి కావలసింది మిగతా జీవితం.

ఎర్రవీ తెల్లవీ ఇక పంపను. చెప్పాక రాయి. అప్పటిదాకా నీ ఉత్తరం వచ్చినా విప్పను.

అక్క

*

ఇల్లు, వంటింటి కిటికీ పక్కన
ఆదివారం సాయంత్రం

అక్కా,

‘విప్పు’ అని కవరు మీద రాసింది అందుకే. చెప్పాను.

మంగళవారం వెళ్లాను. కూతురు కూడా వచ్చేసి ఉంది, లోపలి గదిలో బట్టలు మడతపెడుతోంది. టీచరమ్మ పుస్తకాల పెట్టెకి తాడు కడుతోంది. కూర్చోకుండానే, “ఆ రిబ్బన్లు మీరు తప్పు కట్టలేదు. నేను మార్చాను” అన్నాను.

ఆవిడ తల కూడా ఎత్తలేదు. “అబ్బాయ్, నన్ను ఓదార్చడానికి అబద్ధాలాడకు. మొన్నా అంతే, ఐదో మాట చదివి చదవలేదన్నావు. నువ్వు చదవడం నేను విన్నాను” అంది.

నమ్మలేదు అక్కా! యాభై ఏళ్లకి దగ్గరపడుతున్నాను, నా అబద్ధాలన్నీ జనం కొనుక్కున్నారు. ఒకే ఒక్క నిజం తీసుకెళితే పుచ్చుకునేవాళ్లు లేరు. “బ్యాంకాయన్ని ఏడిపిద్దామని చేశాను” అన్నాను. “నువ్వలాంటివాడివి కాదు” అంది. “అచ్చం అలాంటివాణ్ణే” అన్నాను. చివరికి ఆవిడ చేతిలో తాడు తీసుకుని, నువ్వు నేర్పిన ముడి వేసి చూపించాను.

ఆవిడ దాన్ని చూసింది. గోటితో లాగింది. రాలేదు. వెలుతురుకి పెట్టి చూసింది. ఒక్కసారి అరిచింది. “అమ్మాయ్! ఇలా రావే! నేను కాదే! నేను కాదు!” కూతురు పరుగెత్తుకొచ్చింది. ఆవిడ నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే, “బతికించావు నాయనా, బతికించావు” అంది.

అక్కా, ఆవిడ నన్ను చెంప మీద కొడుతుందనుకుని వెళ్లాను. దానికి సిద్ధంగా ఉన్నాను. దండం పెడుతుందనుకోలేదు. ఆ చేతుల్లోంచి నా చెయ్యి లాక్కోలేను, ఉంచలేను.

కాసేపటికి ఆవిడే వదిలేసింది. మెల్లగా, ఒక్కో వేలూ.

“ఎందుకు చేశావు?”

“నవ్వుకుందామని.”

“ఎవరు నవ్వారు?”

నేను ఆ తాడు ముడి విప్పబోయాను.

“ఆదివారం పొద్దున నీ దగ్గర ఫోను లేదా?” అంది.

ఇది నీకు కూడా అబద్ధం రాశాను. నేను మర్చిపోలేదు. పొద్దున ఏడింటికి, ఫ్యాక్టరీకి కారు తీస్తుంటే గుర్తొచ్చింది. ఫోను తీశాను. నంబరు కూడా నొక్కాను. చెబితే జోకు పోతుందనిపించింది. ‘బ్యాంకాయన ఎలాగూ కనిపెడతాడు, కనిపెట్టి గంతులేస్తాడు, వచ్చాక వినచ్చు’ అనుకుని పెట్టేశాను. ఇరవైమూడు మొక్కల కంటే నా జోకు నాకు ముద్దొచ్చింది. ఇదే మాట ఆవిడతో చెప్పాను.

ఆవిడ అరవలేదు. తరగతిలో చెప్పినట్టు చెప్పింది. “మొక్కల సంగతి తర్వాత. ఇరవైమూడు రోజులు నన్ను నేను నమ్మలేదు. స్టవ్ ఆపానా లేదా అని లేచి లేచి చూసుకున్నాను. రోజూ పొద్దున్నే దీని పేరు కాగితం మీద రాసుకున్నాను, మర్చిపోతానేమోనని. నా కన్నకూతురి పేరు.” కూతురు గోడకి తిరిగి నిలబడింది. “నువ్వు వారం వారం వచ్చి నా టీ తాగావు.”

ఈలా, నోటు పుస్తకమూ బల్ల మీద పెట్టాను. గుమ్మం దాటుతుంటే, “ఆదివారం వచ్చి అందరి ముందూ చెప్పు” అంది. నా వైపు చూడకుండానే.

ఇవాళ చెప్పాను. పాతికమంది. సూపర్‌వైజరూ ఉన్నాడు. మా కంపెనీవాళ్లు ఇద్దరున్నారు, రేపటికి మూడో అంతస్తు దాకా చేరుతుంది, చేరనీ. నేను నోరు విప్పగానే అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు ముందే నవ్వు మొహం పెట్టారు. చెబుతుంటే ఆ నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బ్యాంకాయన ముందుకొచ్చాడు. “వరస వదిలేసి పోయింది నేనే కదా అని నెల్లాళ్లుగా నన్ను నేనే తిట్టుకుంటున్నానయ్యా” అన్నాడు. ఆయన్ని కూడా ఒక లెక్కలో వెయ్యాలని నాకు తట్టనేలేదు. సూపర్‌వైజరు టీచరమ్మ దగ్గరికెళ్లి, “ఆ రోజు నోరు జారానమ్మా” అన్నాడు. ఆవిడ తలూపింది.

పెట్టెలు విప్పేసిందట. కూతురు రేపు ఒక్కతే తిరిగి వెళుతుంది. టీచరమ్మ మళ్లీ రిబ్బన్లు కడుతోంది, బూటు లేసు ముడి. నీ పీలికలు అయిపోయాయని పాత దుప్పటి చింపి తెచ్చుకుంది.

నన్ను పొమ్మంటారనుకున్నాను. అనలేదు. నాకొక్కడికీ ఒక రూలు పెట్టింది. నేను పీకిన ప్రతి మొక్కనీ, ఎర్ర రిబ్బను ఉన్నా సరే, ఆవిడ దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి. ఆవిడ ఆకు ముట్టుకుని తలూపాకే సంచిలో వెయ్యాలి. ఇవాళ నలభై మొక్కలు పీకాను. నలభైసార్లు వాలు దిగాను, ఎక్కాను. నలభైసార్లూ ఆవిడ మొక్కనే చూసింది, నా మొహం ఒక్కసారీ చూడలేదు.

నలభైఒకటోది పట్టుకుని వెళ్లేసరికి టైమైపోయింది. ఆవిడ కూతురి కారెక్కి వెళ్లిపోయింది. సంచి పక్కనే ఉంది, ఎవరూ చూడటం లేదు, అది లాంటానా అని నాకిప్పుడు కళ్లు మూసుకున్నా తెలుసు. వెయ్యలేకపోయాను. తడి గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. వంటింటి కిటికీలో, గాజు గ్లాసులో నీళ్లు పోసి వేరు మునిగేలా పెట్టాను.

నీ మరదలు వచ్చి చూసింది. “కలుపు పీకడానికెళ్లి కలుపు తెచ్చి పెంచుతున్నారా?” అంది. పెంచడం లేదే, వచ్చే ఆదివారందాకా వాడిపోకుండా ఉంచాలి, చూపించాలి, అన్నాను. తనకి అర్థం కాలేదు. అంతా కూర్చోబెట్టి చెప్పాను. మొదట్నుంచీ.

ఇప్పుడు గ్లాసులో నీళ్లు మారుస్తోంది, నాతో మాట్లాడటం లేదు.

నీ తమ్ముడు